41 మీటర్ల దగ్గర ముల్లు

ఇల్లు ఖాళీ చేద్దామని మొన్న దేవరకొండ దారిలోని ఊరికి వెళ్తే, అటక మీంచి దిగిన సామానులో పాత రేడియో పెట్టె కనిపించింది. వెనక అట్టకున్న నాలుగు మరలు విప్పగానే గుప్పున ఆ వాసన. కాయిళ్ల మీద పోసిన మైనం, టంకం పెట్టినప్పుడు కాలిన గుగ్గిలం, వాల్వులనే గాజు గొట్టాల వేడికి ఏళ్ల తరబడి వేగిన దుమ్ము, మూడూ కలిసిన వాసన. తర్వాత వచ్చిన ట్రాన్సిస్టర్లకు ఈ వాసన లేదు. వాటిని విప్పితే ప్లాస్టిక్ వాసన, సెల్లు కారి ఉంటే ఉప్పు కంపు, అంతే.

లోపల ఐదు వాల్వులూ అలాగే ఉన్నాయి: ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజెడ్80. ఆ కాలపు పెద్ద రేడియోల్లో చాలావాటికి ఇదే వరుస. మొదటిది గాలిలోంచి వచ్చిన సిగ్నల్‌ను 455 కిలోహెర్ట్జ్ దగ్గరకు దించుతుంది. రెండోది దాన్ని పెంచుతుంది. మూడోది అందులోంచి మాటను విడదీస్తుంది, నాలుగోది స్పీకరును మోగిస్తుంది, ఐదోది ఇంటి కరెంటును డీసీ చేస్తుంది. స్విచ్ తిప్పాక అర నిమిషం దాకా చప్పుడు ఉండదు. డయలు వెనక బల్బు వెలుగుతుంది, వాల్వుల్లో తీగలు ఎర్రబడతాయి, ఎక్కడో తుమ్మెద తిరిగినట్టు సన్నటి మోత మొదలవుతుంది. దాని మీద గరగర లేస్తుంది. గరగరలోంచి మనిషి గొంతు వస్తుంది. ఆ అర నిమిషం ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

ఇలాంటి పెట్టె మీ అటక మీదా ఉంటే ముచ్చటపడి వెంటనే ప్లగ్గు పెట్టకండి. ముందు పాతకాలపు 60 వాట్ల బల్బునొకదాన్ని సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు దాటాకే రేడియోకు చేరేలా, కలపాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే నయం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు. ఇంకో దొంగ ఈఎల్84 గ్రిడ్డుకు, అంటే వాల్వులో కరెంటును అదుపుచేసే తీగకు, పోయే 0.01 మైక్రోఫారడ్ కాగితపు కండెన్సర్. మైనం కరిగి, తేమ పట్టి లీకవుతుంది. అవతలి నుంచి ఒకటి రెండు వోల్టులు గ్రిడ్డు మీదికి కారినా చాలు, వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది, ప్లేటు ఎర్రబడుతుంది, పాట బొంగురుపోతుంది. అలాగే వదిలేస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఆ ఒక్క కండెన్సర్ తీసేసి 630 వోల్టుల పాలిస్టర్‌ది వేశాకే మిగతా ముచ్చట.

ఊళ్లోకి కరెంటు రాకముందు ఇంకో రకం సెట్లు ఉండేవి. డీకే96, డీఎఫ్96, డీఏఎఫ్96, డీఎల్96 అని నాలుగు చిన్న వాల్వులు, ఇటుక బరువున్న 90 వోల్టుల డ్రై బ్యాటరీ, ఫిలమెంట్లకు వేరేగా ఒకటిన్నర వోల్టు. బ్యాటరీ ఖరీదు తలుచుకుని, వార్తలు కాగానే చటుక్కున కట్టేసేవాళ్లు. ఒకరి ఇంట్లో రేడియో ఉంటే ఆ వాడ మొత్తానికి ఉన్నట్టే.

ఆరు దాటితే

పసులు ఇంటికొచ్చే వేళకు రేడియో అరుగు మీదికి వచ్చేది. డయలు మీద కిలోహెర్ట్జులు తక్కువ, మీటర్లు ఎక్కువ: 13, 16, 19, 25, 31, 41, 49, 60, అన్నీ షార్ట్‌వేవ్ బ్యాండ్లే. మూడు లక్షలను మీటర్లతో భాగిస్తే కిలోహెర్ట్జులు వస్తాయి. 41తో భాగిస్తే 7300 చిల్లర. లెక్క రానివాళ్లకు కూడా ముల్లు ఎక్కడ ఆపాలో తెలుసు, వేలికి అలవాటు.

ఏ పూటకు ఏ బ్యాండో కూడా అలవాటే. పగటి ఎండలో 13, 16, 19 మీటర్లు. పొద్దు వాలుతుంటే 25, 31. చీకటి పడ్డాక 41, 49, ఇంకా రాత్రయితే 60. దీని వెనక ఉన్నది సూర్యుడే. నేలకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున పగలు మాత్రమే ఉండే ఒక పొర ఉంది, దాన్ని డీ పొర అంటారు. కింది ఫ్రీక్వెన్సీలను అది పీల్చేస్తుంది. పొద్దు గూట్లో పడగానే ఆ పొర చెదిరిపోతుంది. అప్పుడు 250, 300 కిలోమీటర్ల పైనున్న ఎఫ్ పొర దాకా సిగ్నల్ ఎక్కి, అక్కడి నుంచి వంగి మళ్లీ నేలకు దిగుతుంది. ఒక్క గెంతులో ఎక్కువలో ఎక్కువ నాలుగు వేల కిలోమీటర్లు. కొలంబో దగ్గరి ఏకలలోని రేడియో సిలోన్ ట్రాన్స్‌మిటర్ మనకు 1100 కిలోమీటర్ల పైచిలుకు, ఒక్క గెంతు చాలు. లండన్ ఏడు వేల పైమాట. అక్కడి నుంచి నేరుగా వచ్చే సిగ్నల్ కనీసం రెండుసార్లు ఆకాశాన్ని తాకి, మధ్యలో ఒకసారి నేలనో సముద్రాన్నో తాకి, అరుగు మీది పెట్టెలోకి రావాలి. ఉప్పునీళ్లు బాగా తిప్పికొడతాయి, ఎండిన నేల అంతగా కొట్టదు.

సిలోన్ అంటే 41 మీటర్లలో 7190, 25 మీటర్లలో 11905. హిందీ పాటలకు అందరూ అక్కడికే. అదే సిలోన్‌లో తెలుగు కూడా వచ్చేది, మీనాక్షి పొన్నుదురై గొంతు గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాస్కో నుంచీ తెలుగు పలికేది. సీషెల్స్ దీవుల నుంచి ఫెబా వాళ్ల తెలుగు క్రైస్తవ కార్యక్రమం, మనీలా నుంచి వెరితాస్ రేడియో తెలుగు. నల్లగొండ జిల్లా పల్లెలో కూర్చుని, సముద్రంలో పగడపు దిబ్బ మీద నాటిన స్తంభాల నుంచి బయలుదేరిన తెలుగు వినడం ఆ రోజుల్లో ఎవరికీ వింతగా తోచలేదు. ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు.

స్టేషన్ పేరు చెప్పకముందే దాని సంకేతం పట్టించేది. కార్యక్రమానికి ముందు రెండు మూడు నిమిషాలు అదే బాణీ తిరిగి తిరిగి వేస్తారు, వినేవాళ్లు ముల్లు సరిచూసుకోవడానికి. ఆస్ట్రేలియాది కూకబుర్రా పిట్ట నవ్వు. తెల్లారకముందు చీకట్లో ఆ పిట్ట పగలబడి నవ్వితే నిద్రలో ఉన్న పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. క్రికెట్ ఉన్న రోజుల్లో మాత్రం ఇంట్లో ఎవరూ తిట్టేవాళ్లు కాదు. అక్కడ పొద్దున 11కు ఆట మొదలైతే ఇక్కడ ఐదున్నర. మనకు పొద్దెక్కేకొద్దీ కింది బ్యాండ్లలో గొంతు సన్నగిల్లేది, అప్పుడు 19కో 16కో మారాలి. మారడం తెలియనివాళ్లు రేడియో పాడైందని రెండు చరుపులు చరిచేవాళ్లు.

ముల్లు జారడం ఇంకో తంటా. నాబ్ ఇరుసుకు రెండు మూడు చుట్లు చుట్టిన దారం గ్యాంగు (స్టేషన్ మార్చే కండెన్సర్) చక్రాన్ని లాగుతుంది. దారం సాగినా, స్ప్రింగు వదులైనా నాబ్ తిరుగుతుంది గానీ ముల్లు కదలదు. దారానికి చిటికెడు గుగ్గిలం పొడి రాస్తే మళ్లీ పట్టు దొరికేది. నూనె వేశారో, పని అయిపోయినట్టే.

తీగ

దూరపు స్టేషన్లకు రేడియో ఎంత ముఖ్యమో తీగ అంతకన్నా ముఖ్యం. చాలా ఇళ్లలో దూలానికి దూలానికి మధ్య రాగి జాలీ పట్టీ కట్టి ఊరుకునేవాళ్లు. సిలోన్‌కు అది చాలు. అంతకు మించి కావాలంటే బయట కట్టాలి: 20 నుంచి 30 మీటర్ల రాగి తీగ, రెండు చివర్లా గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లు, నేలకు కనీసం ఆరేడు మీటర్ల ఎత్తు. ఒక చివర ఇంటి మీది వెదురు గడకు, రెండో చివర పెరట్లో వేప చెట్టుకు. చెట్టు గాలికి ఊగుతుంది కాబట్టి అటువైపు తాడును బిగించి కట్టకూడదు. కప్పీ మీంచి వేసి చివర అర ఇటుక వేలాడదీస్తే, చెట్టు ఊగినప్పుడల్లా ఇటుక లేచి దిగుతుంది, తీగ తెగదు.

ఏరియల్ నుంచి రేడియో దాకా దిగే తీగను పాయలు మెలేసి అతికితే లాభం లేదు, టంకం పెట్టాలి. లేకపోతే ఒక వానకాలం గడిచేసరికి అతుకు దగ్గర చిలుము పట్టి, గాలి వీచినప్పుడల్లా చిటపట. చిలుము పట్టిన అతుకు డయోడులా కూడా పనిచేస్తుంది. దగ్గరి పెద్ద స్టేషన్లు రెండు అందులో కలిసి, లేని చోట లేని స్టేషన్‌గా పలుకుతాయి. 11 కేవీ లైను పక్కన వరుసగా కట్టినా తంటాయే, లైనుకు అడ్డంగా, అంటే లంబకోణంలో ఉండాలి. లైను కింద నుంచో పై నుంచో తీగ లాగడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇంట్లోకి వచ్చే చోట కిటికీ చెక్కకు ఒక కత్తి స్విచ్. మబ్బు పట్టగానే ఏరియల్‌ను రేడియో నుంచి తప్పించి ఎర్త్‌కు కలిపేది. పిడుగు నేరుగా పడితే ఏ స్విచ్చూ ఆపదు. దూరంగా ఉరుములు ఉన్నప్పుడు తీగలో చేరే విద్యుత్తును మాత్రం భూమికి దింపేస్తుంది. ఆ పని మరచినవాళ్ల రేడియోల్లో ఏరియల్ కాయిలే ముందు మాడేది.

ఎర్త్ దగ్గర మన నేల ఏడిపించేది. రెండు మూడు అడుగులు తవ్వితే బండ. గడ్డపార ఠంగున మోగుతుంది. అందుకే స్నానాల నీళ్లు పోయే మడుగు పక్కన తవ్వేవాళ్లు. దొరికినంత లోతు, అందులో ఇనుప పైపు, చుట్టూ బొగ్గు, దొడ్డుప్పు పొరలు పొరలుగా. ఎండాకాలం వారానికి రెండు బిందెల నీళ్లు పోస్తేనే అది ఎర్త్ కింద లెక్క. పోయకపోతే ఏప్రిల్ నాటికి రేడియోలో మోత పెరిగేది.

అదే బండనేల ఇంకో తీగకు కలిసొచ్చేది. ఆ తీగ సంగతి తెలిసినవాళ్లు జిల్లాకు పదిమంది ఉంటారేమో. బెవరేజ్ ఏరియల్ అంటారు, కనిపెట్టినాయన పేరు మీద. ఎత్తు మనిషెత్తుకు కాస్త పైన, పొడవు మాత్రం ఒక అలంత. మీడియం వేవ్ (హైదరాబాద్ లాంటి దగ్గరి స్టేషన్లు ఉండే బ్యాండు) మధ్యలో, 1000 కిలోహెర్ట్జ్ దగ్గర అలంటే 300 మీటర్లు. పల్లి పీకేశాక చేను ఖాళీగా ఉన్న రోజుల్లో గుంజలు పాతి చేనుకు ఈ చివర నుంచి ఆ చివరకు లాగాలి. అవతలి చివర 470 ఓముల కార్బన్ రెసిస్టర్ ద్వారా ఎర్త్. అప్పుడు రెసిస్టర్ ఉన్న వైపు నుంచి వచ్చేవే గట్టిగా వినిపిస్తాయి, వెనకవి అణుగుతాయి. రెసిస్టర్ లేకపోతే రెండు వైపులా వింటుంది. మాగాణి తడినేల మీద ఇది సరిగా పనిచేయదు. నేల కరెంటును ఎంత తక్కువ పారనిస్తే, దాని మీదుగా పోయే అల అంత ముందుకు వాలుతుంది, ఆ వాలే తీగ వెంట సిగ్నల్‌ను నడిపిస్తుంది. పంటకు పనికిరాదని తిట్టుకునే నేల ఈ ఒక్క పనికి మాగాణిని మించింది.

వాయవ్యం వైపు, అంటే గల్ఫ్, యూరప్ దిక్కుకు లాగితే, రాత్రి ఒమన్ నుంచి వచ్చే బీబీసీ 1413 పక్క ఊరి స్టేషన్‌లా పలికేది. ఇబ్బందులూ ఉన్నాయి. తప్పిపోయి వచ్చిన ఎద్దు మెడకు తీగ తగిలి గుంజలతో సహా లాక్కుపోయేది. ఒకసారి ఊరి లైన్‌మన్‌కు అనుమానం వచ్చింది.

"ఎవనిదిరా ఈ తీగ? కొక్కెం ఏసిన్రా?"

"కరెంటుకు కాదన్నా, రేడియోకు."

"రేడియోకు ఇంత తీగా? నన్ను పిచ్చోన్ని జేస్తున్నవా తమ్మీ!"

చెవికి రేడియో పెట్టి వినిపించాక నమ్మాడో లేదో గానీ, వెళ్తూ వెళ్తూ ఆ రెసిస్టర్‌ను రెండుసార్లు వంగి చూసి వెళ్లాడు.

పక్కింటి పెద్దగొంతు

దూరం వినేవాళ్లకు అసలు అడ్డు హైదరాబాదే. 738 కిలోహెర్ట్జ్, 200 కిలోవాట్లు. నల్లగొండకూ మహబూబ్‌నగర్‌కూ దాదాపు వంద కిలోమీటర్లు. పగలు కాలువలా నిలకడగా ఉంటుంది. రాత్రయితే అదే స్టేషన్ ఒక్కోసారి పైకి లేచి, ఒక్కోసారి కుండలో నోరుపెట్టి పాడినట్టు వంకరబోయి, క్షణం మాయమై మళ్లీ వస్తుంది. రేడియో చెడిపోలేదు. నేల వెంబడి వచ్చిన అల, ఆకాశం నుంచి దిగిన అల రెండూ ఇంచుమించు సమాన బలంతో ఇక్కడే కలుసుకుంటాయి. ఒకదానికొకటి తోడైనప్పుడు పెరుగుతుంది, ఎదురైనప్పుడు తగ్గుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు నేల అల బలం, ఆదిలాబాద్ వాళ్లకు ఆకాశపు అలే దిక్కు. మధ్యలో ఉన్న మనకే ఈ జగడం.

దాని పక్క ఫ్రీక్వెన్సీలు వినాలంటే దాని నోరు నొక్కాలి. అందుకు చట్రపు ఏరియల్. మీటరు భుజంతో చతురస్రం రావాలంటే 141 సెంటీమీటర్ల చెక్కలు రెండు, అడ్డంగా శిలువలా బిగించి, చివర్లలో రంపంతో గాట్లు పెట్టాలి. గాటుకూ గాటుకూ ఆరు మిల్లీమీటర్ల ఎడం. ఏడు చుట్లు, మొత్తం 28 మీటర్ల తీగ, అతుకులకు ఇంకో మీటరు. రెండు కొసలనూ పాత వాల్వు రేడియో గ్యాంగులోని ఒక భాగానికి, అంటే 500 పికోఫారడ్లకు, కలిపితే మీడియం వేవ్ మొత్తం దొరుకుతుంది. రేడియోకు తీగ కలపనక్కర్లేదు, ట్రాన్సిస్టర్‌ను చట్రం మధ్యలో పెడితే చాలు. లోపలి ఫెర్రైట్ కడ్డీ (దాని సొంత ఏరియల్) చట్రంలోంచి దూరిపోతున్నట్టు, చట్రానికి అడ్డంగా ఉండాలి. చట్రంతో పాటు అదే తలంలో పడుకోబెడితే ఏమీ వినిపించదు. చాలామంది ఇక్కడే విసిగి చట్రాన్ని పొయ్యిలో పెట్టారు.

చట్రం అంచు ఎటు చూస్తే అటు బలంగా వింటుంది, ముఖం తిప్పిన వైపు చెవిటిది. ఆ చెవిటి దిక్కు చాలా సన్నం, నాలుగైదు డిగ్రీలు. కాబట్టి వినదలచినదాని వైపు అంచు తిప్పడం కన్నా, వద్దనుకున్నదాని వైపు ముఖం తిప్పడమే తెలివి. నల్లగొండ పటం ఈ ఆటకు కుదిరినట్టుంది. హైదరాబాద్ పడమర వాయవ్యం, విజయవాడ సరిగ్గా దానికి ఎదురు దిక్కు. ముఖాన్ని ఆ గీత మీద పెడితే హైదరాబాద్ 738, విజయవాడ 837 రెండూ ఒకేసారి అణుగుతాయి. ఉత్తరాన నాగపూర్, దక్షిణాన శ్రీలంకలోని పుత్తళం మిగులుతాయి. పుత్తళం 882, 400 కిలోవాట్లు, వెయ్యి కిలోమీటర్లు, ట్రాన్స్ వరల్డ్ రేడియో వాళ్ల తెలుగు అక్కడి నుంచే. నాగపూర్ 1566 మాత్రం 1000 కిలోవాట్లు, 1988లో నేషనల్ ఛానల్ మొదలయ్యాక రాత్రిపూట డయలు ఆ కొస మొత్తం దానిదైపోయింది.

1978 నవంబర్ 23న జెనీవా ఒప్పందం ప్రకారం మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంలోకి సర్దుకున్నాయి. డయలు మీద పెన్సిల్ గీతలు పెట్టుకున్నవాళ్లంతా మళ్లీ గీసుకోవాల్సి వచ్చింది. మా పెట్టె అద్దం మీద రెండు గీతలూ ఉన్నాయి, వెంట్రుకవాసి తేడాతో.

దొంగ స్టేషన్లు, చల్లబడ్డ సెల్లు

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఒక వింత కనబడింది. సిలోన్ 7190లో ఉండేది కదా, అదే పాట 6280 దగ్గర కూడా పలికేది. రెండు చోట్ల ప్రసారం చేస్తున్నారని వాదించినవాళ్లున్నారు. లెక్క వేస్తే తేడా 910, అంటే 455కు రెండింతలు. రేడియోలోని ఆసిలేటర్ (లోపలే అలలు పుట్టించే భాగం) ముల్లు కన్నా 455 పైన నడుస్తుంది. దానికి 455 కిందున్నదీ, 455 పైనున్నదీ రెండూ లోపలికి దూరతాయి. ముందు కాయిలు గట్టిదైతే రెండోదాన్ని ఆపుతుంది. చవక సెట్లలో, అందునా షార్ట్‌వేవ్‌లో, ఆపలేదు. ఏ స్టేషనైనా వింతచోట దొరికితే ముందు ముల్లును 910 పైకి జరిపి చూడాలి, అక్కడ ఇంకా గట్టిగా ఉంటే కిందది దొంగది. ఈ సంగతి తెలియక బయటి దేశాలకు ఉత్తరాలు రాసి అభాసుపాలైనవాళ్లు కొందరు.

రేడియో మెకానిక్ కొట్టులో ఐఎఫ్‌టీలు (455కు సరిచేసే కాయిళ్లు) తిప్పడానికి ఇనుప స్క్రూడ్రైవర్ వాడేవాళ్లు కాదు. వెదురు పుల్లనో పాత దువ్వెన ముక్కనో చెక్కి పెట్టుకునేవాళ్లు. ఇనుము దగ్గరికి వస్తేనే కాయిలు విలువ మారుతుంది, తీయగానే మళ్లీ పక్కకు పోతుంది. సరిపోయాక కోరు కదలకుండా ఒక బొట్టు మైనం. ఇంట్లో పిల్లలు ఊరికే తిప్పి తెచ్చిన సెట్టును ఆ మైనం పగుళ్లు చూసి మెకానిక్ ఇట్టే కనిపెట్టేవాడు. "బిడ్డా, ఎవలు గెలికిన్రు దీన్ని?" అనేదే మొదటి ప్రశ్న.

సెల్లు దిగిపోతే ముందు పోయేది శబ్దం అనుకుంటారు. కాదు, షార్ట్‌వేవ్ పై కొస. వోల్టు తగ్గగానే ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఆసిలేటర్ ఆగిపోతుంది. 19 మీటర్లు మూగబోయి, మీడియం వేవ్ మాత్రం లక్షణంగా పాడుతుంటే సెల్లు మార్చే వేళయినట్టు. ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు లాగేవాళ్లు. లాగినవాళ్ల సెట్లలోనే సెల్లు కారి స్ప్రింగులు పచ్చబడేవి. సన్న గరుకు కాగితంతో రుద్ది, దూదితో శుభ్రంగా తుడిస్తే మళ్లీ పనికొచ్చేవి.

పట్టపగలు చీకటి

1980 ఫిబ్రవరి 16. సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా మన జిల్లాల మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి ఎక్కడెక్కడి శాస్త్రజ్ఞులో వచ్చారు. ఊళ్లలో మాత్రం తలుపులు మూసి, నీళ్ల బిందెల్లో దర్భలు వేసి కూర్చున్నారు. మూసిన తలుపుల వెనక రేడియో ఉన్న ఇళ్లలో ఒక చిత్రం జరిగింది. మధ్యాహ్నం మూడు దాటాక, మామూలుగా గరగర తప్ప ఏమీ ఉండని మీడియం వేవ్ కింది కొసలో బెంగళూరు 612 మెల్లగా లేచింది. 490 కిలోమీటర్ల అవతలి స్టేషన్, రాత్రి ఎనిమిదికి వచ్చేంత స్పష్టంగా. డీ పొర సూర్యుడు కమ్మగానే నిమిషాల్లో పలచబడుతుంది. నాలుగు కావస్తుండగా రెండు నిమిషాల పైచిలుకు పూర్తి చీకటి. పక్షులు గూళ్లకు చేరాయి, కుక్కలు మొరగడం మానేశాయి, కన్నడ మాత్రం గట్టిపడింది. వెలుతురు వచ్చాక అరగంటలో సన్నగిల్లి గరగరలో కలిసిపోయింది. బయట ఏమవుతోందో చూడనివాళ్లకు రేడియోనే గ్రహణం చూపించింది.

ఉత్తరాలు

విన్నదాన్ని రాసి పంపితే స్టేషన్‌వాళ్లు క్యూఎస్‌ఎల్ కార్డు పంపేవాళ్లు, వీళ్లు మమ్మల్ని విన్నది నిజమే అని. "మీ కార్యక్రమం బాగుంది" అని రాస్తే కార్డు రాదు. కనీసం ఇరవై నిమిషాలు విని, ఏ నిమిషానికి ఏం వచ్చిందో రాయాలి: ఫలానా సమయానికి సంకేతం, తర్వాత ఆడగొంతు వార్తలు, తర్వాత తీగ వాద్యం. ఫ్రీక్వెన్సీ, రేడియో రకం, ఏరియల్ పొడవు. దానికి సిన్పో అని ఐదంకెల మార్కులు: బలం, అడ్డు స్టేషన్లు, రొద, హెచ్చుతగ్గులు, మొత్తం మీద. ఒక్కోదానికి ఐదుకు ఇన్ని. మొహమాటానికి అన్నిటికీ ఐదేస్తే స్టేషన్ ఇంజనీరుకు ఉపయోగం ఉండదు. 34333 అని నిజం రాసినవాడికే మర్యాద.

ఎక్కువమంది తప్పేది సమయం దగ్గర. సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన లెక్కలో, రాయాలి, మన గడియారం అయిదున్నర గంటలు ముందు. తెల్లవారుజామున 4:45కు విన్నది యూటీసీలో 23:15, అదీ ముందు రోజు తేదీ. గంటలు సరిగ్గా తీసేసి తేదీ మార్చడం మరచిన ఉత్తరాలు ఎన్నో. ఆ తేదీన ఆ వేళ వాళ్లు ఇంకేదో ప్రసారం చేసి ఉంటారు, ఉత్తరం బుట్టలోకి పోతుంది. జవాబుకు ఇంటర్నేషనల్ రిప్లై కూపన్ జత చేయాలంటే చిన్న పోస్టాఫీసుల్లో అదేమిటని మొహం చూసేవాళ్లు. పెద్ద స్టేషన్లకు అవసరం లేదు, చిన్న దేశాల వాటికే కావాలి. రెండు మూడు నెలలకు పోస్ట్‌మన్ మందపాటి కవరు తెచ్చేవాడు. కార్డు, స్టిక్కర్లు, ఒక్కోసారి మూడు మూలల జెండా, కొత్త సంవత్సరం దగ్గరైతే క్యాలెండర్. ఆకాశవాణీ కార్డులిచ్చేది, ఢిల్లీలోని స్పెక్ట్రమ్ మేనేజ్‌మెంట్ విభాగం నుంచి. పరదేశం కార్డులకున్నంత మోజు వాటికి లేదు గానీ, ముద్రణ ముచ్చటగా ఉండేది.

రొద

ఏప్రిల్, మే నెలల్లో మీడియం వేవ్ జోలికి పోవడం దండగ. సాయంత్రం మబ్బులు కమ్మితే ఎక్కడో వందల కిలోమీటర్ల అవతలి మెరుపు కూడా ఇక్కడ 'చర్' మంటుంది. మార్గశిరం నుంచి మాఘం దాకా అసలు కాలం.

మెరుపు రొద తనంతట తాను పోతుంది. కరెంటు రొద పోదు. బీటవారిన పింగాణీ ఇన్సులేటర్ ఒకటి 11 కేవీ లైనులో ఉంటే ఊరంతటికీ జర్మంటూ వినిపిస్తుంది. దాన్ని పట్టడానికి ట్రాన్సిస్టర్‌ను స్టేషన్ లేని చోట పెట్టి లైను వెంబడి, కింద నేల మీద నడవాలి. మీడియం వేవ్‌లో వెతికితే మోసపోతాం, రొద లైను పొడవునా పాకి కొన్నిచోట్ల పెరుగుతూ కొన్నిచోట్ల తగ్గుతూ ఉంటుంది. షార్ట్‌వేవ్ పై కొసకు మార్చాలి, అక్కడి రొద ఎక్కువ దూరం పాకదు, అది గట్టిపడిన స్తంభమే దోషి. స్తంభాన్ని తట్టి చూడటం, స్టే వైరును లాగడం లాంటివి చేయొద్దు. నంబరు రాసుకుని లైన్‌మన్‌కు చెప్పడమే. చెబితే నెల తర్వాత వచ్చేవాళ్లు, అదీ ఇన్సులేటర్ పగిలి కరెంటే పోయాక. వాన పడితే రొద ఆగిపోతే ఇన్సులేటర్ మురికి, వానలోనే పెరిగితే పగులు అని ఒక గుర్తు, ప్రతిసారీ నిలవదు గానీ చాలాసార్లు నిలిచేది.

రాత్రిపూట వ్యవసాయానికి త్రీఫేజ్ ఇచ్చే వంతు ఉంటే, బాయిల దగ్గర ఆటో స్టార్టర్లు ఒకదాని వెనక ఒకటి పడేవి. టక్, టక్, టక్, రేడియోలో లెక్కపెట్టవచ్చు ఎన్ని మోటార్లు లేచాయో. అందుకే కరెంటు పోతే మా అరుగు మీద ఎవరూ అయ్యో అనేవాళ్లు కాదు. దీపాలన్నీ ఆరి, మోటార్లు ఆగి, ట్రాన్స్‌ఫార్మర్ మోత నిలిచిపోయిన మరుక్షణం ముల్లు కదపకుండానే గరగర అడుగుకు పోయి, దాని కింద అప్పటిదాకా ఉన్నట్టే తెలియని స్టేషన్లు తేలేవి. చెరువు నీళ్లు దిగితే రాళ్లు కనిపించినట్టు.

ఇప్పుడు కరెంటు పోదు. ప్రతి ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు, సెట్‌టాప్ బాక్సులు. వీటి లోపల క్షణానికి వేలసార్లు తెరుచుకుని మూసుకునే స్విచ్చింగ్ సర్క్యూట్లు, ఒక్కోటీ ఒక చిన్న ట్రాన్స్‌మిటరే. ఎవరికైనా వినాలని ఉంటే ముందు మెయిన్ ఆఫ్ చేసి, సెల్లుల మీద రేడియో పెట్టి చూడాలి. రొద తగ్గితే దోషి ఇంట్లోనే ఉంది, ఎంసీబీలు ఒక్కొక్కటీ వేస్తూ పోతే దొరుకుతుంది. తగ్గకపోతే పక్కింటిది, అక్కడ మన చేతిలో ఏమీ లేదు. ఊరికి కిలోమీటరు దూరంలో గుట్ట మీదికో, డిండి అవతల నల్లమల అంచుకో వెళ్తే ఇప్పటికీ నేల నిశ్శబ్దంగానే ఉంది.

వినడానికే తక్కువైంది. నెదర్లాండ్స్ 2012లో షార్ట్‌వేవ్ వదిలేసింది. ఆస్ట్రేలియా పిట్ట 2017 జనవరి 31న ఆగింది. వెరితాస్ 2018లో, బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి 31న. చైనా మాత్రం ఇంకా డయలు నిండా ఉంది.

సామాను ఎత్తాక పెరట్లోకి వెళ్తే వేప చెట్టు బాగా లావెక్కింది. ఏరియల్ కట్టిన కొమ్మ దగ్గర బెరడు ఉబ్బి ఉంది. నిచ్చెన వేసి చూస్తే, ఉబ్బు మధ్యలో తెల్లగా పింగాణీ గుడ్డు, ముప్పావు వంతు చెట్టు మింగేసింది. కప్పీ లేదు, ఇటుక లేదు. రాగి తీగను ఎవరో ఎప్పుడో కోసుకుపోయారు. గుడ్డు చిల్లులో బెత్తెడు ముక్క మాత్రం మిగిలింది, పచ్చటి చిలుము పట్టి. గోటితో గీకితే లోపల ఇంకా ఎర్రగానే ఉంది.